గుడి పేరు మోసే మసీదు

బోధన్‌లో ఒక పాత మసీదుంది. దాని పేరు దేవల్ మసీదు. దక్కనీ ఉర్దూలో దేవల్ అంటే గుడి. గుడి మసీదు అన్నమాట. ఈ పేరు పెట్టింది హిందూత్వ పండితుడెవరో కాదు. కోర్టులో దావా వేసినవాడూ కాదు. అక్కడ పక్కపక్కన బతికిన సాయిబులూ, మిగతా కులాలవాళ్ళూ తరతరాలుగా అట్లనే పిలుస్తూ వచ్చారు. ఏదన్నా దాచిపెట్టాలనుకున్నవాడు ముందుగా చేసే పని పేరు మార్చడం. ఇక్కడ ఆ పని జరగలేదు. ఆ మసీదు తన పుట్టుకను తన పేరులోనే మోస్తూ వచ్చింది. అయినా ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు 'అది మసీదు కాదు, గుడి' అని మనకు చెప్తున్నారు. మనవాళ్ళేమో ఆ మాట చెవిన పడగానే బెదిరిపోయి, అది మొదటినుంచీ మసీదేనని వాదనకు దిగుతున్నారు. రెండు మాటలూ ఆ పేరు ముందు నిలవవు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్ళకు బోధన్ ముచ్చటెందుకని ఎవరన్నా అడగొచ్చు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయ్యేదాకా ఈ మూడూ నిజామాబాదు జిల్లా ఊళ్ళే. ఎల్లారెడ్డి దిక్కు మంజీరకు అడ్డంగా 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ నీళ్ళే బోధన్ చెరుకు తోటలకు పారినయి. ఆ డ్యాం వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ వచ్చినంక ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు కాబట్టి ఆ పేరన్నా కొందరికి తెలిసింది. నీళ్ళ చరిత్రలో మాకు అట్లా ఒక్క పేరు దక్కింది. రాళ్ళ చరిత్రకు వచ్చేసరికి మా జిల్లాలో ముస్లింలకు మిగిలిన పేరు తుగ్లక్ ఒక్కటే. గెజిటీర్లు చూసినా, పర్యాటక శాఖ పుస్తకాలు చూసినా అంతే. అందుకే మా ఊళ్ళ మసీదుల గురించి రాయాలంటే ముందు బోధన్ పోయి రావాల్సిందే.

దేవల్ మసీదు నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గోడలు మూలమూలకూ లోపలికీ బయటికీ మడతలు పడి ఉంటాయి. కిటికీలు లేవు. లోపలంతా చెక్కిన రాతి స్తంభాలు. వంద స్తంభాల గుడి అనే పేరు కూడా వాడుకలో ఉంది. ఆ రాళ్ళ మీద ధ్యానంలో కూర్చున్న తీర్థంకరుల రూపాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మసీదుగా మార్చినప్పుడు జరిగిన పని చాలా తక్కువ. విగ్రహాలు తీశారు, ఇమామ్ ఖుత్బా చదివే మింబర్ పెట్టారు, పైకప్పు మీద చిన్న చిన్న గుమ్మటాలు లేపారు. మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరున పారశీక శాసనాలు పెట్టారు. గోడలూ స్తంభాలూ అట్లనే ఉంచారు.

దీన్ని మసీదుగా చూస్తే మంచి కట్టడం అని నేననను. మసీదు అడ్డంగా విస్తరించే కట్టడం. నమాజుకు నిలబడేవాళ్ళు భుజానికి భుజం ఆనించి సఫ్ కట్టాలి. సఫ్ ఎంత పొడుగైతే మసీదు అంత వెడల్పు. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు నిలబడతారు. గుడి అట్లా కాదు. అది లోలోపలికి పోయే కట్టడం. మండపం, అంతరాళం, చివరికి చీకటి గర్భగుడి. పోనుపోను మనుషులు తగ్గిపోతారు, ఆఖరికి పూజారి ఒక్కడే మిగులుతాడు. నక్షత్రపు మడతలున్న గుడిలో సఫ్‌లు కడితే ప్రతి వరసనూ ఒక స్తంభం విరగ్గొడుతుంది, ప్రతి మూలా ఇద్దరు ముగ్గురిని విడదీస్తుంది. ఆ శిల్పి తన దేవుడి కోసం చేసిన లెక్క వేరు. మనకా లెక్క సరిపోదు. గెలిచినవాడి తొందర ఆ కట్టడంలో కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మన భూగోళం ఆ తొందరకు సాయం చేసింది. మన దగ్గర్నుంచి మక్కా పడమర దిక్కు. సరిగ్గా లెక్కేస్తే కామారెడ్డి దగ్గర పడమరకు పది పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉంటుంది. ఈ దేశంలో గుళ్ళు ఎక్కువగా తూర్పు వాకిలితో కడతారు. అంటే లోపలికొచ్చిన భక్తుడి మొఖం పడమటికే ఉంటుంది. తూర్పు వాకిలి గుడిలో నిలబడినవాడు దాదాపు ఖిబ్లా వైపే నిలబడినట్టు. దక్కన్‌లో గుడిని మసీదు చేసుకోవడం ఎందుకంత సులువైందో చెప్పేటప్పుడు మన పండితులు మతం, రాజకీయం, ధనం అన్నీ చెప్తారు గానీ ఈ దిక్కు సంగతి ఎక్కువగా చెప్పరు.

ఇక శాసనాల సంగతి. బోధన్‌లో దొరికిన 1056 నాటి శాసనం ఒకటుంది. కళ్యాణి చాళుక్య రాజు త్రైలోక్యమల్ల సోమేశ్వరుడి కాలం నాటిది. రాష్ట్రకూట రాజు ఇంద్రవల్లభుడు కట్టించిన ఇంద్రనారాయణ దేవాలయం శిథిలమైతే దాన్ని బాగుచేయించిన సంగతి అందులో ఉంది. ఇంద్రవల్లభుడంటే మూడో ఇంద్రుడని, అంటే పదో శతాబ్దం మొదట్లోవాడని చెప్తారు. ఈ శాసనాన్ని అచ్చువేసిందెవరు? నిజాం ప్రభుత్వం. హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో మొదలైంది. దాని మొదటి డైరెక్టరు గులాం యజ్దానీ. అజంతా బొమ్మలు ఊడిపోకుండా ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి కాపాడిన శాఖ అది. బోధన్ శాసనం ఆ శాఖ తెచ్చిన హైదరాబాదు ఆర్కియలాజికల్ సిరీస్‌లోనే అచ్చయింది. ముస్లిం రాజు ఖజానా నుంచి జీతం తీసుకున్న ముస్లిం అధికారి చేతిమీదుగా, బోధన్‌లో ఒకప్పుడు నారాయణుడి గుడి ఉండేదన్న సాక్ష్యం లోకానికి వచ్చింది. ఇవాళ ఆ శాసనాన్ని చూపించి మనల్ని నిలదీసేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. మనవాళ్ళకు కూడా చెప్పాలి. యజ్దానీ ఆ పని భయంతో చేయలేదు, ఎవర్నో మెప్పించడానికీ చేయలేదు. రాయి మీద ఉన్నది చదవడం ఆయన ఉద్యోగం.

శాసనం నారాయణుడు అంటుంది. స్తంభాలేమో తీర్థంకరుల్ని చూపిస్తాయి. ఇక్కడ ముచ్చట మరింత లోతుకు పోతుంది. బోధన్ వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని. జైనుల పురాణాల్లో బాహుబలి రాజధాని పోదనపురం, అక్కడ పెద్ద బాహుబలి విగ్రహం ఉండేదని కథ. ఆ విగ్రహాన్ని చూడాలని బయలుదేరి, చూడలేకనే చాముండరాయుడు శ్రవణబెళగొళలో బాహుబలిని చెక్కించాడని చెప్తారు. ఆ పోదనపురం మన బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. అట్లయితే ఈ భూమి మీద మొదటి దావా ఎవరిది? జైనుడిదా, వైష్ణవుడిదా, మాదా? 'అసలు ఎవరిది' అని అడిగేవాళ్ళు తమకు పనికొచ్చే మెట్టు దగ్గర ఆగిపోతారు. దాని కింద ఇంకో మెట్టు ఉందంటే వినరు.

హనుమకొండ పద్మాక్షి గుట్ట చూడండి. అది జైన బసది. కాకతి రెండో ప్రోలుడి మంత్రి బేతన భార్య మైలమ 1117లో కడలాలయ బసది కట్టించానని అక్కడే శాసనం వేయించింది. గుట్ట రాతి మీద తీర్థంకరులు ఇప్పటికీ నిలబడి ఉన్నారు. ఇప్పుడది పద్మాక్షి అమ్మవారి గుడి, బతుకమ్మ నాడు ఊరంతా అక్కడికే పోతుంది. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. దేవుళ్ళు మారినా జనం ఆ గుట్టను విడవలేదు, అది గొప్ప సంగతే. కానీ పద్మాక్షి గుట్టకు 'సమన్వయం' అని పేరు పెట్టి, దేవల్ మసీదుకు 'విధ్వంసం' అని పేరు పెట్టే తెలుగు చరిత్ర రచనను మాత్రం నిలదీయాల్సిందే. జైనుల బసదుల్ని శైవులు కూల్చిన ముచ్చట పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో గర్వంగానే కనిపిస్తుంది. అది మనకు సాహిత్యం, వీరశైవ ఉద్యమం. అదే పని పారశీకం మాట్లాడేవాడు చేస్తే దురాక్రమణ. రెంటికీ ఒకే తూకం రాయి వాడితే నాకు పేచీ లేదు.

ఇక తుగ్లక్. 1323లో ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, రెండోసారి వరంగల్ మీదికి పోతూ దారిలో బీదర్, బోధన్ కోటల్ని పట్టుకున్నాడు. వరంగల్ పడింది. మరుసటేడు 1324లో రాజమండ్రిలో మసీదు వెలిసినట్టు దాని వాకిలి మీది పారశీక శాసనమే చెప్తుంది. బోధన్ గుడి మసీదు కావడం ఈ వరసలోనిదే. ఇక్కడికి రాగానే మనవాళ్ళ గొంతు తగ్గిపోతుంది. రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఒకటి, అప్పటికే ఆ గుడి పాడుపడి ఉందనడం. రెండోది, అది మతం కోసం చేసింది కాదు, రాజకీయం అనడం.

మొదటిదానికి ఆధారం చూపించమంటే ఎవరూ చూపించరు. పదకొండో శతాబ్దంలో ఒకసారి శిథిలమైన మాట శాసనంలో ఉంది గానీ, బాగుచేసిన మాట కూడా అదే శాసనంలో ఉంది. రెండోది కొంచెం బలమైన మాట. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2000 ప్రాంతంలో రాసిన వ్యాసాల్లో 1192 నుంచి 1760 దాకా గట్టి ఆధారాలున్న ఆలయ విధ్వంసాలను లెక్కగట్టాడు. అవి 80 తేలాయి. అరవై వేలని ప్రచారం చేసేవాళ్ళకు ఆ 80 చెంపపెట్టు. ఆ పట్టికలో బోధన్ కూడా ఉంది. ఓడిన రాజుకూ అతని కులదైవానికీ ఉన్న బంధాన్ని తెంచడం కోసమే గెలిచినవాళ్ళు రాజాలయాల మీద పడ్డారని, అది హిందూ రాజులు ఒకరిమీద ఒకరు అంతకుముందు నుంచీ చేస్తున్నదేనని ఈటన్ వాదన. మన సెక్యులర్ మిత్రులు ఈ వాదనను తాయెత్తులా కట్టుకుని తిరుగుతున్నారు. వరంగల్ స్వయంభూ శివాలయానికి అది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే స్వయంభువు కాకతీయుల రాజ్య దైవం. బోధన్‌కు సరిపోతుందా? ఇంద్రనారాయణుడి గుడి కట్టించిన రాష్ట్రకూటుడు చచ్చి అప్పటికి నాలుగు వందల ఏండ్లు. ఆ వంశమే లేదు. తెంచడానికి అక్కడ రాజబంధం ఏముంది? కోట పట్టుకున్న సైన్యానికి శుక్రవారం నమాజుకు ఒక పెద్ద రాతి కట్టడం కావలసి వచ్చింది, ఊళ్ళో అన్నిటికంటే గట్టిది తీసుకుంది. రాజకీయం అనే పెద్ద మాట అవసరం లేదు. బలం ఉంది, తీసుకున్నారు. అక్కడ మొక్కుకునేవాళ్ళకు ఆనాడు ఏడుపే మిగిలి ఉంటుంది.

ఈ మాట రాసినందుకు నన్ను కోప్పడే మనవాళ్ళుంటారు. 1992 డిసెంబర్ 6 తర్వాత, 2019 నవంబర్ 9 తీర్పు తర్వాత, 1991 ప్రార్థనా స్థలాల చట్టాన్ని కాగితంలా చించుతున్న రోజుల్లో, ఇట్లాంటివి మనమే రాసి శత్రువు చేతికి ఇవ్వాలా అంటారు. శత్రువు దగ్గర ఆ శాసనం ఎప్పుడో ఉంది. మన దగ్గరే లేదు. తుగ్లక్ నాకు తాత కాదు. మా ఇంట్లోవాళ్ళు ఢిల్లీ నుంచి గుర్రాల మీద రాలేదు. ఈ జిల్లా ముస్లింలలో బీడీలు చుట్టేవాళ్ళు, దూది ఏకేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, దుబాయికి పోయి ఇసుకలో గోడలు లేపేవాళ్ళే ఎక్కువ. వీళ్ళను తుగ్లక్ వారసులని తిట్టేవాడు చేసే అబద్ధమే, ఆ తిట్టుకు భయపడి తుగ్లక్‌ను వెనకేసుకొచ్చేవాడు కూడా చేస్తున్నాడు. ఇద్దరూ మా వంశవృక్షాన్ని ఢిల్లీలోనే నాటుతున్నారు.

కట్టడాలు చేతులు మారడం ఒకవైపు నుంచే జరగలేదని కూడా చెప్పాలి. దౌలతాబాద్ కోటలో 1318లో కుతుబుద్దీన్ ముబారక్ ఖిల్జీ గుళ్ళ స్తంభాలతో జామా మసీదు కట్టించాడు. 106 స్తంభాలు. హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసినంక అదే మసీదులో భారతమాత విగ్రహం పెట్టారు, ఇప్పుడు భారతమాత మందిరం అంటున్నారు. ఏడు వందల ఏండ్ల కిందటి మార్పు పాఠ్యపుస్తకాల్లో ఉంది, నిన్న మొన్నటి మార్పు ఎక్కడా లేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగినవాటి మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు అల్మారాలో పడుంది. 2013లో గానీ మామూలు పాఠకుడి కంట పడలేదు. చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేలని అందులో అంచనా. మసీదుల్ని అపవిత్రం చేసిన మాట కూడా అందులో ఉంది. మా పక్కనున్న మెదక్, నాందేడు, బీదర్ జిల్లాల పేర్లు అందులో ఉన్నాయి. దేవల్ మసీదు మీద పుస్తకాలు రాసేవాళ్ళు ఆ నివేదికను కూడా ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.

వరంగల్ గురించి రెండు మాటలు చెప్పి మా ఊళ్ళకొస్తాను. స్వయంభూ గుడి స్థలంలో తుగ్లక్‌లు కట్టిన జామా మసీదు ఆనవాళ్ళను ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ అనే ఇద్దరు పండితులు 2001లో ప్రచురించిన వ్యాసంలో బయటపెట్టారు. గుడిని కూల్చారు, కానీ చుట్టూ ఉన్న నాలుగు తోరణాలను కూల్చలేదు. కూల్చడం చేతగాక కాదు. ఆ తోరణాలే ఇవాళ తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో కలిసి కూర్చున్నాయి. ఆ మసీదు మాత్రం లేదు. కట్టిన కొన్నేండ్లకే తుగ్లక్‌లు వరంగల్ నుంచి పోయారు, మసీదు కూలింది. దక్కన్‌లో దండుతో వచ్చిన మసీదుల ఆయుష్షు దండుతోనే. జనం ఉంటేనే మసీదు నిలబడుతుంది.

ఆ జనం కట్టుకున్న మసీదుల గురించే నా అసలు పేచీ. ఈటన్ లెక్కలో ఉన్నవి 80. తెలుగు నేల మీద ఊరూరా ఉన్న మసీదులు వేలు. ఆ వేలల్లో ఒక్కదానికీ చరిత్ర లేదు. గుడి మీద కట్టిన మసీదుకు అధ్యాయం, ఖాళీ జాగాలో కట్టిన మసీదుకు ఒక్క వాక్యం కూడా లేదు. అంటే మన చరిత్రలో మసీదు ఒక నేరంగా అయితేనే నమోదవుతుంది. ఊరి చరిత్రలు రాసేవాళ్ళు కామారెడ్డి పక్కనున్న భిక్కనూరు సిద్ధరామేశ్వరాలయం గురించి పేజీలు రాస్తారు, దోమకొండ గడి గురించి రాస్తారు. రాయాల్సిందే. కౌలాస్ కోటకు వచ్చినప్పుడు 1857లో ఇంగ్లీషువాళ్ళకు ఎదురు తిరిగిన రాజా దీప్ సింగ్ గురించి రాస్తారు. అదీ మంచిదే. మసీదు దగ్గరికి వచ్చేసరికి 'ముస్లింల ప్రార్థనాలయం కూడా కలదు' అని ఒక ముక్క పడేసి చేతులు దులుపుకుంటారు. ఎవరు కట్టారు, ఏ మేస్త్రీ, ఏ సున్నం, ఏ కాలం, ఎవరు జాగా ఇచ్చారు, ఏవీ ఉండవు.

మా దిక్కు పాత మసీదు ఎట్లుంటుందో నాకు తెలిసినంత చెప్తాను. ముందు చిన్న సహన్, మూలకు వజూ చేసే హౌజు, పక్కన ఒక వేపచెట్టు. మూడు కమాన్లు, ఎక్కువైతే అయిదు. రెండు పక్కల నిలువెత్తు కంటే కొంచెం పెద్దవైన పొట్టి మినార్లు. పైన పిట్టగోడకు ఆకుల్లాంటి కంగూరాలు. లోపల పడమటి గోడలో మెహరాబ్. ఇదంతా హైదరాబాదు నుంచి వచ్చిన నమూనా. కుతుబ్‌షాహీల మేస్త్రీలు రాయికి గచ్చు పూసి, గచ్చు మీద పువ్వులు చెక్కే విద్యను అందరికీ నేర్పారు. 1671లో మూసా ఖాన్ కార్వాన్ దగ్గర కట్టించిన టోలీ మసీదు ఆ విద్యకు శిఖరం. దాన్ని దమ్రీ మసీదు అని కూడా అంటారు, మక్కా మసీదు ఖర్చులో రూపాయికి ఒక దమ్రీ చొప్పున ఆయనకు దక్కిన సొమ్ముతో కట్టాడని జనం చెప్పుకునే కథ. ఆ మక్కా మసీదు 1617లో మొదలై 1694లో గానీ పూర్తి కాలేదు. మొదలుపెట్టింది కుతుబ్‌షాహీ, ముగించింది వాళ్ళను ఓడించిన ఔరంగజేబు. అంత పెద్ద రాతి మసీదు చేయలేని పని ఈ గచ్చు మసీదు చేసింది. పల్లెకు వచ్చింది. పల్లె మేస్త్రీ చేతికి అందింది.

ఆ మేస్త్రీ ఎవరు? ముస్లిమే కావాలని లేదు. గుడికి ముగ్గు పోసినవాడే మసీదుకూ సున్నం కలిపాడు. గానుగలో సున్నం, ఇసుక రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం పోసి పులియబెట్టిన డంగు సున్నం గుడికొకటి మసీదుకొకటి కాదు. మా దిక్కు పాత మసీదుల కమాన్ల మీద తామరపువ్వు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ పువ్వు ఏ గుళ్ళోంచి ఎత్తుకొచ్చింది కాదు. దాన్ని చెక్కిన చెయ్యికి తెలిసిన పువ్వు అదే. పీర్ల చావిడి ముందు అలావా తవ్వి డప్పు కొట్టిన చేతులు, పీరును ఎత్తుకున్న చేతులు ఏ కులాలవో ఊరందరికీ తెలుసు. చరిత్రకారుడికే తెలియదు. సమన్వయం అనే మాట అసలు ఇక్కడ వాడుకోవాల్సింది.

ఇంతవరకూ బయటివాళ్ళతో పేచీ. మనతో మనకు ఉన్న పేచీ ఇంకా పెద్దది. ఆ గచ్చు మసీదుల్ని కూల్చుతున్నది హిందూత్వవాదులు కాదు, మనమే. గల్ఫ్ పైసలు వచ్చినంక, చందాలు పెరిగినంక, కమిటీలకు కొత్త మసీదు కావాలి. జనం పెరిగారు, జాగా చాలడం లేదు, అది నిజమే. కానీ పాతదాని పక్కన కట్టొచ్చు, వెనక కట్టొచ్చు. అట్లా చేయరు. బుల్‌డోజర్ పిలిచి ఒక్క పూటలో నేలమట్టం చేస్తారు. ఆ జాగాలో రెండంతస్తుల సిమెంటు డబ్బా, గ్రానైటు గోడలు, మదీనా గుంబదును చూసి వేసిన ఆకుపచ్చ గుమ్మటం, సెల్‌ఫోన్ టవరంత మినార్. ఎల్లారెడ్డిలో కట్టినా, కరీంనగర్‌లో కట్టినా, కేరళలో కట్టినా ఒకటే బొమ్మ. దక్కన్ పోయింది. తామరపువ్వు పోయింది. మమ్మల్ని అరబ్బు దేశానికి పొమ్మని అరిచేవాడి మాటనే మన మేస్త్రీలు సిమెంటులో పోసి చూపిస్తున్నారు. తామరపువ్వు చెక్కడం షిర్క్ అని, దర్గా చాదర్ బిద్అత్ అని, పీర్లు జాహిలియత్ అని చెప్పే మౌల్వీలు ఈ కూల్చివేతకు దువా కూడా చేస్తున్నారు.

ఇంత ఖర్చు పెట్టి కట్టే కొత్త మసీదుల్లో కూడా ఆడవాళ్ళకు ఒక గది ఉండదు, ఒక వజూఖానా ఉండదు. ఆ చందాల్లో బీడీలు చుట్టి పొదుపు చేసిన ఆడవాళ్ళ రూపాయలూ ఉంటాయి. గ్రానైటుకు జాగా దొరికింది గానీ వాళ్ళకు దొరకలేదు. పాత మసీదు కూల్చడానికి జాగా చాలదని చెప్పిన కమిటీయే, ఊరిలో సగం మందిని ఆ లెక్కలోనే చేర్చలేదు.

ఈ కూల్చివేతలో పోయేది అందం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. పోయేది సాక్ష్యం. పల్లె మసీదులకు దస్తావేజులు ఉండవు. ఎప్పుడో ఒక పటేలో, దొరో, ఒక ముసలి బీబీయో నోటి మాటగా జాగా ఇచ్చారు. అక్కడ నమాజు జరుగుతూ వచ్చింది కాబట్టి అది వక్ఫ్. చట్టం దీన్ని వాడుక వల్ల ఏర్పడిన వక్ఫ్ అని గుర్తించింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆ దారిని ఇకముందుకు మూసేసింది. అంతకుముందే నమోదైనవి ఉంటాయి, వివాదం ఉన్నా, సర్కారు భూమి అన్నా ఆ రక్షణ లేదు. 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచి ఆరు నెలల్లో అన్నీ ఎక్కించమన్నారు. ఎక్కించడానికి ముతవల్లీల దగ్గర ఏముంది? కాగితం లేనిచోట నీ మసీదు ఎన్నేండ్లదని అడిగితే జవాబు చెప్పగలిగేది ఆ గోడే. ఆ సున్నం, ఆ ఇటుక కొలత, ఆ కమాను వంపు, వాకిలి మీద హిజ్రీ సంవత్సరం చెక్కిన చిన్న రాయి. వాటిని మనమే ట్రాక్టర్లో ఎత్తి చెరువు కట్ట మీద పోసి, ఇప్పుడు అదే మసీదుకు పాతదని రుజువు వెతుక్కుంటున్నాం. కొత్త గ్రానైటు ఫలకం మీద కమిటీ అధ్యక్షుడి పేరుంది, చందా ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి, రాజకీయ నాయకుడి పేరుంది. పాత సంవత్సరం లేదు.

ఇంకో అడ్డంకి భాష. ఈ ప్రాంతపు కాగితాలు పారశీకంలో, ఉర్దూలో ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో ఒక్క షాజహాన్, ఔరంగజేబుల కాలపు పత్రాలే లక్షకు పైగా ఉన్నాయి. నిజాం కాలంలో మసీదులకూ గుళ్ళకూ ఇచ్చిన మామూళ్ళ లెక్కలు ఉమూరె మజ్హబీ శాఖ దగ్గర ఉర్దూలో నడిచాయి. తెలుగులో చరిత్ర రాసేవాళ్ళలో ఆ లిపి చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఉర్దూ చదవగలిగిన మనవాళ్ళేమో తెలుగులో రాయరు. రాస్తే గజల్ గురించి, నవాబుల దస్తర్‌ఖాన్ గురించి రాస్తారు. మా జిల్లా గురించి హైదరాబాదు ఉర్దూవాళ్ళకు ఎంత తెలుసో హైదరాబాదు తెలుగువాళ్ళకూ అంతే తెలుసు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, మద్రసాలో అరబీ అక్షరాలు నేర్చుకున్న పిల్లలు మా ఊళ్ళలో వందలమంది ఉన్నారు. ఈ పనికి వాళ్ళకంటే తగినవాళ్ళు యూనివర్సిటీల్లో లేరు. వాళ్ళను ఎవరూ అడగలేదు.

దేవల్ మసీదు దగ్గర ఒక మంచి పలక ఉండాలి. తెలుగులో, ఉర్దూలో. మూడో ఇంద్రుడు, ఇంద్రనారాయణుడు, తీర్థంకరులు, 1056, 1323, తుగ్లక్, యజ్దానీ, అన్నీ వరసగా, విశేషణాలు లేకుండా. దాన్ని చూసి ఎవరికి కోపమొచ్చినా సరే. కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు మిగిలిన గచ్చు మసీదులకు పలకల అవసరం ఇప్పుడే లేదు. ఒక టేపు, ఒక ఫోను కెమెరా, ఉర్దూ చదివే పిల్లగాడొకడు, మేస్త్రీ ఒకడు చాలు. కమాన్ల ఎత్తు, గోడ మందం, ఇటుక కొలత రాసుకోవాలి. వాకిలి మీద రాయి ఉంటే దానిమీది సున్నం పెళ్ళలు మెల్లగా తీసి అక్షరాలు చదవాలి. ఊరి ముసలివాళ్ళను, సాయిబులనే కాదు, చాకలివాళ్ళను, కుమ్మరివాళ్ళను, పీరెత్తినవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. మరమ్మతు చేయాల్సి వస్తే సిమెంటు పూయొద్దు. పాత సున్నం గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక ఇటుక ఉబ్బి గచ్చు రాలిపోతుంది. డంగు సున్నం రుబ్బడం తెలిసిన మేస్త్రీలు మా దిక్కు ఇంకా కొందరున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి అరవై దాటాయి.